మూడో ఆదివారం

శామీర్‌పేట,
1944 జూలై

ప్రభువునందు ప్రియమైన సుందరమ్మ అత్తమ్మకు మేనకోడలు ఎలీషమ్మ వందనాలతో రాయునది.

ఇక్కడ నాయిన, అవ్వ, నేను క్షేమం. వానలు పడుతున్నాయి. ఈ ఏడు మన గుడి కారడం లేదు. ఎండాకాలంలో పేట్ బషీరాబాద్ నుంచి పనివాళ్ళు వచ్చి పెంకులన్నీ దించి మళ్ళీ కప్పారు. నాయినకు అదొక సంబరం. ఆదివారం వాక్యం చెబుతూ చెబుతూ పైకి చూసి నవ్వుకున్నాడు.

ఈ ఉత్తరం టపాలో వేయలేదు. టపాలో వేస్తే నీ జవాబు నాయిన చేతికి పోతుంది. నీ పేరు ఎత్తితే ఆయన ముఖం ఎట్లా మారుతుందో నీకు తెలియనిది కాదు. ఎండు చేపలు మేడ్చల్ అంగడికి తెచ్చే ఈదమ్మ గంపలో పెట్టి పంపుతున్నాను. ఆమెకు చదువు రాదు. జవాబు కూడా ఆమెకే ఇవ్వు.

ఒక సంగతి అడగాలి. బోర్డింగులో నాతో చదువుకున్న దోస్తు ఒకతి ఉంది. ఆమెకు పొద్దున లేస్తే కడుపులో తిప్పుతుంది. జొన్నగట్క ఉడికే వాసన కూడా పడడం లేదు. నెల తప్పింది. మళ్ళీ నెల కూడా తప్పింది. పెండ్లి కాలేదు. ఇది ఏం జబ్బు అత్తమ్మా? నువ్వు దవాఖానలో ఉంటావు కాబట్టి నీకు తెలుస్తుందని అడుగుతున్నాను. ఆమె మస్తు పరేషాన్‌లో ఉంది. అమ్మ కూడా లేదు పాపం, చెప్పుకోవడానికి.

పేరు మాత్రం అడగవద్దు.

నీ మేనకోడలు,
ఎలీషమ్మ


మేడ్చల్,
ఆగస్టు

ఎలీషమ్మకు అత్తమ్మ దీవించి రాయునది.

నీ ఉత్తరం చేపల కంపు కొట్టుకుంటూ వచ్చింది. వార్డులో విప్పితే బాలింతలందరూ ముక్కులు మూసుకున్నారు.

మంత్రసాని పనిలో ఉన్నదాన్ని. దోస్తు కథ చెప్పుకుంటూ నా దగ్గరికి చాలామంది పిల్లలు వచ్చారు. ఇంతవరకు ఒక్క దోస్తు కూడా గడప తొక్కలేదు. ప్రతిసారీ ఆ వచ్చిన పిల్లే. నీ దోస్తుకు కూడా అమ్మ లేదన్నావు చూడు, అక్కడ దొరికావు. మీ అమ్మ ఏసమ్మ చచ్చిపోయిన నాడు నిన్ను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నది నేనే.

పిల్లా, అది జబ్బు కాదు. నువ్వు కడుపుతో ఉన్నావు. ఈ మాట రాయడానికి నాకు ఇంత సేపు పట్టింది, చదవడానికి నీకెంత కష్టమో. నాకు ముందు కోపం వచ్చింది. తర్వాత ఏడ్చాను. ఇప్పుడు రెండూ అయిపోయాయి, ఇక పని మిగిలింది.

మొదటి మాట. ఎవరు ఏ కషాయం ఇచ్చినా తాగవద్దు. ప్రార్థన చేసి ఇచ్చినా సరే, అవ్వ ఇచ్చినా సరే. పోయిన నెల అట్లా తాగిన పిల్లను బండిలో వేసుకుని తెచ్చారు. నీ ఈడుదే. డాక్టరమ్మా నేనూ చేయగలిగింది చేశాము. ఆ బండిలోనే గుడ్డ కప్పి తీసుకుపోయారు.

రెండో మాట. వాడెవడో పేరు రాయి. బలవంతం చేశాడా, ఇష్టపడ్డావా, అది కూడా దాచకుండా రాయి. ఏది రాసినా నా చేయి నీ తల మీదనే ఉంటుంది.

జల్దీ రాయి.

సుందరమ్మ


శామీర్‌పేట,
ఆగస్టు

అత్తమ్మకు,

నీ ఉత్తరం గుడి వెనక సామాను కొట్టులో నిలబడి చదివాను. చదివి అక్కడే కూర్చున్నాను. పెంకులు దించినప్పుడు పనిముట్లు పెట్టుకున్నది కూడా ఆ కొట్టులోనే. అంతా అక్కడే జరిగింది.

పేరు యోహాను. పెంకులు కప్పడానికి వచ్చినవాళ్ళలో అందరికన్నా చిన్నవాడు. మన సంఘాల వాడే. కప్పు మీద కూర్చుని కీర్తనలు పాడేవాడు, మంచినీళ్ళకు నన్నే పిలిచేవాడు. బలవంతం కాదు అత్తమ్మా. అబద్ధం రాయలేను. నేనే నవ్వాను, నేనే పోయాను. కానీ ఇట్లా అవుతుందని నిజంగా నాకు తెలియదు. బోర్డింగులో ఎవరూ చెప్పలేదు. పని అయిపోగానే వాళ్ళ అమ్మను పంపి అడిగిస్తానన్నాడు. పని అయిపోయింది. బొల్లారం పోయి మిలిటరీ పల్టన్‌లో చేరాడని విన్నాను. ఒక్క ముక్క రాయలేదు.

ఇంకొక సంగతి. అవ్వకు తెలిసిపోయింది, నా తెలివితక్కువతనం వల్ల. పాదిరి అయ్యగారు నెలకోసారి వచ్చి ప్రభు భోజనం ఇస్తారు కదా. పాపం కడుపులో పెట్టుకుని ద్రాక్షరసం గిన్నె ముట్టుకుంటే శిక్ష తగులుతుందని నాయిన ఎన్నిసార్లు చెప్పాడు. నాకు భయమేసింది. రొట్టె తీసుకోలేదు, గిన్నె నా దగ్గరికి రాగానే పక్కకు ఇచ్చేశాను. పక్కవాళ్ళ గట్టు జరిపి పొలం కలుపుకున్న వీరయ్య తాగాడు. పెండ్లాన్ని కొట్టేవాళ్ళు తాగారు. ఆ చాపల మీద తాగనిదాన్ని నేనొక్కదాన్నే. అవ్వ నా పక్కనే ఉంది. ఇంటికి రాగానే నా పైట పక్కకు తీసి చూసింది. తలుపు దగ్గరికి వేసింది.

తెల్లారి బాలనర్సమ్మ వచ్చింది, ఆకులూ వేర్లూ దంచే ఆమె. ముంత నా ముందు పెట్టి, "గిది తాగు బిడ్డా, కతం, మీ నాయినకు తెల్వకముందే అయిపోతది" అన్నది అవ్వ. వేడిగా ఉందని సాకు చెప్పాను. అవ్వ గేదె దగ్గరికి పోయినప్పుడు నిమ్మచెట్టు మొదట్లో పోశాను. తాగానని చెప్పాను. మళ్ళీ తెస్తుంది అత్తమ్మా. ఏమీ కాకపోతే మళ్ళీ తెస్తుంది. ఎన్నిసార్లని పారబోయను?

ఎలీషమ్మ


మేడ్చల్,
ఆగస్టు చివర

ఎలీషమ్మకు,

ఊళ్ళో అందరికన్నా దేవునికి ఎక్కువ భయపడ్డావు, అందుకే దొరికిపోయావు. ఏడవాలో నవ్వాలో తెలియలేదు నాకు.

ఈ కింది ముక్క అవ్వ దగ్గర కూర్చుని చదివి వినిపించు. ఆమెకు నీ రాయబారాలు తెలిసినా పరవాలేదు.

"అమ్మా, నీ బిడ్డను చెబుతున్నాను. ఆ ముంత పొయ్యిలో పారేయి. నువ్వు పరువు కాపాడాలనుకుంటున్నావు, నాకు తెలుసు. ఆ కషాయంతో పోయేది కడుపు ఒక్కటే కాదు, పిల్ల కూడా పోతుంది. ఇక్కడ నా చేతుల మీద పోయినవాళ్ళను చూశాను. కోడలు ఎట్లాగూ పోయింది. ఆమె కన్న ఒక్కగానొక్క దాన్ని నీ చేతులతో పంపకు. కాన్పు నేను చేస్తాను. బిడ్డను కూడా నేనే చూస్తాను. నువ్వు ఊరికే ఉండు చాలు."

ఇక యోహాను సంగతి. సెలవు పెట్టి పేట్ బషీరాబాద్ పోయాను. వాళ్ళ అమ్మ అరుగు మీద కూర్చోబెట్టి చాయ్ ఇచ్చింది. సంగతి చెప్పగానే సగం తాగిన గ్లాసు నా చేతిలోంచి తీసుకుంది. "మా పిలగాడు ఉత్తరాలు రాస్తడు, మీ పిల్ల పేరు ఎన్నడూ రాయలే. బొల్లారంల పిల్లను చూసి పెట్టినం" అని లోపలికి పోయింది. వాని పల్టన్ చిరునామా కూడా ఇవ్వలేదు. బొల్లారంలో అడిగితే బర్మా దిక్కు పోయిందన్నారు.

ఆ తలుపు మూసుకుందని అనుకో. దాని ముందు నిలబడి తట్టుతూ నీ బలం పోగొట్టుకోకు. గట్క వాసన పడకపోతే అంబలి చల్లార్చి తాగు, ఉప్పు వేసుకుని. పస్తు పండవద్దు.

సుందరమ్మ


శామీర్‌పేట,
సెప్టెంబరు

అత్తమ్మకు,

నాయినకు తెలిసింది.

ఈ నెల ప్రభు భోజనంనాడు అయ్యగారికి దగ్గు, జ్వరం. గిన్నె పట్టుకుని వరుసల్లో తిరగడానికి నాయినను పంపారు. నా దగ్గరికి వచ్చి ఆగాడు. నేను తల దించుకున్నాను. "తీస్కో" అన్నాడు మెల్లగా. నేను వద్దని తల ఊపాను. మళ్ళీ అన్నాడు. అందరూ చూస్తున్నారు. గిన్నె ఒరిగి రెండు చుక్కలు చాప మీద పడ్డాయి. నాయిన ముందుకు పోయాడు.

ఇంటికి వచ్చి అవ్వను అడిగాడు. అవ్వ చెప్పింది. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండేది. అంగీ తొడుక్కుని బయటికి పోయి, తెల్లారి కీసర నుంచి వచ్చాడు. నాకు పెండ్లి కుదిరిందన్నాడు.

ఆయన పేరు ప్రభుదాసు, కీసరలో బడిపంతులు. పెండ్లాం చనిపోయింది, చిన్న కూతురుంది. మంచివాడని అందరూ అంటారు. నా సంగతి ఆయనకు చెప్పలేదు అత్తమ్మా. అవ్వ అడిగితే నాయిన, "పెండ్లి అయినంక నెలలు ఎవరు లెక్కవెడ్తరు? ఎవరు అడుగుతరు?" అన్నాడు. ప్రతి ఆదివారం సత్యం చెప్పే నోరు అది.

నిన్న మొదటి ప్రకటన అయింది. నీకు గుర్తుండే ఉంటుంది, పెండ్లికి ముందు మూడు ఆదివారాలు గుడిలో ఇద్దరి పేర్లూ చదివి, అభ్యంతరమున్నవాళ్ళు చెప్పాలని అడుగుతారు. చదవాల్సింది ఉపదేశి, అంటే నాయినే. నా పేరు చదివేటప్పుడు ఆయన నా దిక్కు చూడలేదు. అడిగి, ఎవరూ ఊపిరి తీసుకునేలోపే కాగితం మడిచేశాడు.

ఎవరూ లేవలేదు. ఇంకా రెండు ఆదివారాలున్నాయి.

పెండ్లి చేసుకుంటే అందరి బాధా తీరుతుందేమో. ఆ సారు మంచివాడే కదా. నువ్వేమంటావు? నువ్వు చేసుకోమంటే చేసుకుంటాను. నాకు ఆలోచించడం చేతకావడం లేదు.

ఎలీషమ్మ


మేడ్చల్,
సెప్టెంబరు

ఎలీషమ్మకు,

చేసుకో అనను, వద్దు అనను. ఆ మాట నీది. కానీ ఒకటి చెబుతాను, నీకు ఇంట్లో ఎవరూ చెప్పి ఉండరు.

అదే గుడిలో నా పేరు కూడా చదివారు. అప్పుడు మీ నాయిన కొత్తగా ఉపదేశి అయ్యాడు, ఆయనే కుదిర్చిన సంబంధం. నాకు ఇష్టం లేదని ఎంత చెప్పినా వినలేదు. రెండు ఆదివారాలు చదివాడు. మూడో ఆదివారం పొద్దున చీకటితోనే లేచి మేడ్చల్ దారి పట్టాను. దవాఖానకు వచ్చి పని నేర్పమని డాక్టరమ్మ కాళ్ళ దగ్గర కూర్చున్నాను. అక్కడ మీ నాయిన కాగితం పట్టుకుని గుడి తలుపు దిక్కే చూస్తూ నిలబడ్డాడట, చెల్లె వస్తుందని. పిల్లగాని వాళ్ళు అందరి ముందు నోటికి వచ్చింది అని పోయారు. ఆనాటి నుంచి నాతో మాట లేదు.

వచ్చినందుకు నాకు చింత లేదు. అయితే పారిపోయిన దానికి వెనక ఇల్లు ఉండదు పిల్లా. పండుగకు పోను, అమ్మకు జ్వరమని తెలిసినా పోలేను. మీ నాయిన అడుగు దూరంలో నుంచి పోతూ ముఖం తిప్పుకుంటాడు. నీకు ఆ ఇల్లు కావాలి. నీకూ, పుట్టేవాళ్ళకూ. అందుకని నాలాగా పారిపోయి రావద్దు. చెప్పి రా.

రావడానికి చోటుంది. డాక్టరమ్మతో మాట్లాడాను. కాన్పు అయ్యేదాకా నా గదిలో ఉండవచ్చు, దవాఖాన బట్టలు కుట్టే పని ఇస్తారు. ఇష్టముంటే తర్వాత నా పని నేర్చుకోవచ్చు. నా మంచం చిన్నది, నేను గురక పెడతాను, ముందే చెబుతున్నాను.

ఒకటి మాత్రం గట్టిగా అంటాను. ఆ పంతులుకు చెప్పకుండా పెండ్లి కావద్దు. తెలిసి చేసుకుంటే దేవుడు దీవిస్తాడు. తెలియక చేసుకుని తర్వాత తెలిసిన మగవాడు ఏం చేస్తాడో నా వార్డులో చూడు, ఆడవాళ్ళు దెబ్బలతో వస్తారు.

సుందరమ్మ


శామీర్‌పేట,
అక్టోబరు

అత్తమ్మకు,

రెండో ప్రకటన కూడా అయింది. ఈసారి నాయిన నా పేరు దగ్గర తడబడ్డాడు. కాగితం మాత్రం అంతే జల్దీ మడిచాడు.

నిన్న అవ్వా నేనూ ఎదురెదురుగా కూర్చుని జొన్నలు విసురుతున్నాము. నాలుగు రోజులుగా అవ్వ నాతో మాట్లాడడం లేదు. నువ్వు రాసిన ముక్క చదివి వినిపించినా, ముంత మాత్రం అటక మీద అట్లాగే ఉంచింది. విసురుతుంటే లోపల ఏదో కదిలింది. చేప తోక కొట్టినట్టు. నేను ఇసుర్రాయి పిడి వదిలేశాను. అవ్వ, "ఏందే?" అన్నది. చెప్పాను. పిండి చేయి అట్లాగే నా కడుపు మీద పెట్టి కూర్చుంది. మళ్ళీ కదిలింది. అవ్వ ముఖం చూడలేకపోయాను. కొంగుతో కండ్లు తుడుచుకుని, లేచి, అటక మీది ముంత తెచ్చి రాయికేసి కొట్టింది. "నువ్వు కూడ మీ అమ్మ కడుపుల గట్లనే తన్నినవ్, ఇగ నేను నీకు ఏం ఇయ్య" అన్నది. ఇద్దరం ఏడ్చాము.

ఆ ధైర్యంతో సాయంత్రం నాయినను అడిగాను. ఆ సారుకు చెప్పమన్నాను.

"చెప్తే నిన్ను ఎవరు చేస్కుంటరు?" అన్నాడు.

"ఎవరూ చేస్కోకున్నా మంచిదే నాయినా. చెప్పకుంట చేస్కుంటే రేపు నా బిడ్డ ఆ ఇంట్ల ఎట్ల బతుకుతది?"

నా బిడ్డ అన్నాను. అది విని నాయిన నన్ను చూశాడు, చాలా రోజుల తర్వాత. "నీ కోసమే చేస్తున్న" అని మాత్రం అన్నాడు. అన్నం ముందు నుంచి లేచిపోయాడు. ఆయన చెడ్డవాడు కాదు అత్తమ్మా. ఆయనకు భయం పట్టుకుంది.

అందుకని నేనే లేస్తాను. మూడో ఆదివారం నాయిన అడగగానే లేచి నాకు అభ్యంతరమని చెబుతాను. మన గుడిలో ఆడవాళ్ళు ఎన్నడూ నోరు తెరవలేదు. నా గొంతు పైకి వస్తుందో రాదో.

ఎలీషమ్మ


మేడ్చల్,
అక్టోబరు, శుక్రవారం

ఎలీషమ్మకు,

నేను వస్తున్నాను. శనివారం రాత్రి డ్యూటీ దిగి పొద్దున బండికి బయలుదేరుతాను. నీ గొంతు రాకపోతే నా గొంతు ఉంది, దవాఖాన అంతా వినబడుతుంది. మీ నాయినకు కూడా కార్డు వేశాను, మూడో ఆదివారం గుడికి వస్తున్నానని. దాచి రావడం నా వల్ల కాదు. చదివి ఏం చేసుకుంటాడో చేసుకోనీ.

పొద్దున ఏమన్నా తిని గుడికి పో. ఖాళీ కడుపుతో లేస్తే కండ్లు తిరుగుతాయి.

సుందరమ్మ


శామీర్‌పేట,
అక్టోబరు, ఆదివారం సాయంత్రం

అత్తమ్మకు,

నువ్వు రాలేదు. తలుపు దిక్కు చూసి చూసి మెడ నొప్పి పెట్టింది. ఏదో కాన్పు అడ్డం వచ్చి ఉంటుందని అవ్వ అంటుంది. కోపం లేదు. ఎట్లా జరిగిందో రాస్తాను, అక్షరాలు కుదరకపోతే ఏమనుకోకు.

ప్రభుదాసు సారు తానే వచ్చాడు కీసర నుంచి. మగవాళ్ళ దిక్కు ముందు వరుసలో, ఒళ్ళో కూతురిని పెట్టుకుని కూర్చున్నాడు. ఆ పిల్ల నా దిక్కు చూసి నవ్వింది.

కీర్తన అయింది. వాక్యం అయింది. నాయిన కాగితం తీశాడు. కీసర సంఘపు ప్రభుదాసుకును శామీర్‌పేట సంఘపు ఎలీషమ్మకును అని చదివి, ఇది మూడవ మారు అన్నాడు. ఎవరికైనా అభ్యంతరముంటే ఇప్పుడే చెప్పాలన్నాడు. ఈసారి కాగితం మడవలేదు. తల ఎత్తి తలుపు దిక్కు చూశాడు. చూస్తూనే ఉన్నాడు. జనం కదులుతున్నారు, ఒకరిద్దరు దగ్గారు. ఎవరి కోసం చూస్తున్నాడో వాళ్ళకు తెలియదు.

నేను లేవబోయాను. సగం లేచాను. అవ్వ నా భుజం గట్టిగా పట్టుకుంది. కూర్చోబెడుతుందనుకున్నాను. కాదు, నా భుజం ఆసరా చేసుకుని తాను లేస్తోంది. ఇద్దరం అట్లా సగం సగం ఉన్నప్పుడే నాయిన గొంతు వినబడింది.

"ఉన్నది" అన్నాడు. "అభ్యంతరం నాకే ఉన్నది."



"నా బిడ్డ కడుపుతోని ఉన్నది. నాకు తెలుసు. తెలిసి గీ సారుకు చెప్పలే. రెండు ఆదివారాలు మీ ముందట అబద్ధం చదివిన. గిన్నె తాగనిది నా బిడ్డ, పంచి పెట్టినోడిని నేను. తప్పు ఎవరిదో మీరే చూడుండ్రి."

ఆ కాగితం బల్ల మీద పెట్టాడు. దిగి వచ్చాడు. మగవాళ్ళ దిక్కు పోలేదు అత్తమ్మా. ఆడవాళ్ళ చాపల మధ్య నుంచి నడిచి వచ్చి, నా పక్కన అవ్వ లేచిన చోట కూర్చున్నాడు. మన గుడిలో మగవాడు ఆ చాప మీద కూర్చోవడం ఎవరూ చూడలేదు. తల వంచుకుని కూర్చున్నాడు. ఆయన మోకాలు నా మోకాలికి ఆనుకుని ఉంది.

తర్వాత అంతా గొడవ. "గిసోంటి ఇంటోడు మనకు వాక్యం చెప్తడా" అని అరిచింది వీరయ్యే. చాలామంది లేచిపోయారు. ప్రభుదాసు సారు కూతురిని ఎత్తుకుని తలుపు దాకా పోయి ఆగాడు. "జర ముందుగాల చెప్తే బాగుండు దానియేలు సారూ" అన్నాడు. తిట్టలేదు. గడప దిగి పోయాడు.

నాయిన ఇంటికి వచ్చి అన్నం తిన్నాడు. నన్ను కూడా పక్కన కూర్చోబెట్టుకుని తినమన్నాడు.

మంగళవారం అంగడికి ఈదమ్మతో బండిలో వస్తున్నాను. ఆమెకు అంతా తెలుసట. "చదువు రాదు గని కండ్లు లేవా నాకు? చేపల గంపల నడుమ కూసో బిడ్డా, ఎవడు నీ దగ్గరికి రాడు" అన్నది. మంచం మీద ఏ దిక్కు నాదో ఇప్పుడే చెప్పు.

ఎలీషమ్మ


మేడ్చల్,
1945 ఫిబ్రవరి

అన్నకు సుందరమ్మ రాయునది.

జవాబు ఇస్తావో ఇవ్వవో తెలియదు, అయినా ఈసారి టపాలోనే వేస్తున్నాను.

నిన్న పొద్దున ఎలీషమ్మకు ఆడపిల్ల పుట్టింది. నొప్పులు ఎక్కువసేపు పడింది. ఈడు చిన్నది, దారి ఇరుకు. నేను ఎన్ని కాన్పులు చేశానో లెక్క లేదు, అయినా మన పిల్ల అనేసరికి చేసిన పని మరిచిపోతున్నాను. డాక్టరమ్మ నన్ను పక్కకు జరిపి తాను చూసింది. బిడ్డ వెంటనే ఏడవలేదు. ఆ కాసేపు నేను దేవునితో ఏం బేరమాడానో నీకు చెప్పను. తర్వాత ఏడ్చింది, వార్డంతా లేచేలాగా. గొంతు నాది.

తల్లి బాగుంది. నొప్పుల్లో పిలిచింది నన్ను కాదు, నిన్నే. పేరు తాతే పెట్టాలని పట్టుబట్టింది.

ఆ ఆదివారం నేను ఎందుకు రాలేదో నీకు చెప్పుకోలేదు. శనివారం రాత్రి కాళ్ళు ముందుగా వస్తున్న కాన్పు ఒకటి వచ్చింది. వదిలి రాలేకపోయాను. బిడ్డా తల్లీ బతికారు. అయినా కార్డు వేసి కూడా రాలేదు, నిన్ను ఎదురుచూడనిచ్చి రాకపోవడం ఇది రెండోసారి అని ఇన్నాళ్ళూ నా మనసు పీకుతూనే ఉంది.

చెల్లె,
సుందరమ్మ


శామీర్‌పేట,
1945 ఫిబ్రవరి

ప్రభువునందు ప్రియ సహోదరియైన సుందరమ్మకు దానియేలు వందనములు చెప్పి వ్రాయునది.

మీ ఉత్తరము అందినది. అమ్మకు చదివి వినిపించితిని. దేవునికి స్తోత్రము.

చెల్లె, ఇంతవరకు రాసి ఆపాను. నీకు ఇట్లా రాయడం రావడం లేదు. మామూలుగా రాస్తాను.

ఉపదేశి పని తీసేశారు. ఆదివారం చదవడానికి వేరే ఊరి నుంచి ఒకాయన వస్తున్నాడు. మిషన్ ఇల్లు కూడా వదిలాము, అమ్మా నేనూ చెరువు దిక్కు గుడిసెలో ఉంటున్నాము. చేపల వాసనకు అమ్మ తిడుతుంది, అలవాటు పడుతుందిలే. రైతుల దగ్గర కూలికి పోతున్నాను. ఆరు నెలలు ప్రభు భోజనం నాకు లేదన్నారు. మొదటిసారి గిన్నె నా ముందు నుంచి పక్కకు పోయినప్పుడు తెలిసింది, నా బిడ్డ ఆ చాప మీద ఒక్కతే ఎట్లా కూర్చున్నదో. నేను ఆమె ఎదుట గిన్నె పట్టుకుని తీసుకో తీసుకో అన్నాను.

నీ కార్డు ఆ శనివారం అందింది. దాన్ని అంగీ జేబులో పెట్టుకునే గుడికి పోయాను. నిజం చెబుతున్నాను, నువ్వు రావాలని చూశాను. నువ్వు వచ్చి లేచి అరిస్తే పెండ్లి ఆగుతుంది, తప్పు నీ మీద పోతుంది, నేను నోరు విప్పనక్కర లేదు అనుకున్నాను. అందుకే కాగితం మడవలేదు. తలుపు దిక్కు చూశాను. నువ్వు రాలేదు. ఈ దిక్కు చూస్తే ముసలి అమ్మా, నా బిడ్డా లేస్తున్నారు. నువ్వు వచ్చి ఉంటే నేను ఆనాడు నోరు తెరిచేవాణ్ణి కాదు. కాబట్టి దాని కోసం మనసు పీక్కోకు.

ముందటి సారి నువ్వు రానప్పుడు కూడా అట్లాగే చూశాను. అప్పుడు నీకు ఇష్టముందా అని ఒక్కసారి అడిగినా ఆ దారిన నువ్వు ఒంటరిగా నడిచేదానివి కాదు. ఇంతకన్నా రాయలేను.

బిడ్డకు ఏసమ్మ అని పేరు పెట్టండి, మీ వదిన పేరు. బాప్తిస్మం ఇవ్వమని అయ్యగారిని అడిగాను. సంఘం పెద్దలు ఒప్పుకోక గునుస్తున్నారు, వీరయ్య అందరికన్నా ఎక్కువ. లోపల ఇవ్వనివ్వకపోతే గడప మీద నిలబడైనా ఇస్తానన్నారు అయ్యగారు. వచ్చే నెల మూడో ఆదివారం. ఎలీషమ్మను, బిడ్డను తీసుకుని నువ్వు రావాలి. అమ్మ ఇప్పటి నుంచే చాప ఉతికి ఆరేసింది.

నేను తలుపు దిక్కే చూస్తుంట. ఈసారన్న రా చెల్లె.

నీ అన్న,
దానియేలు